ఏడిస్తే తప్పు, నవ్వితే తప్పు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ భర్త పోయారు. ఆయనకి యాభై ఏళ్ళు కూడా లేవు. మూడో రోజున మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి పలకరించడానికి వెళ్ళాం. అరగంట కూర్చున్నాం. ఆ అరగంటలో ఆవిడ చెవిన పడ్డ మాటలు ఇవీ: "నువ్వే ఇలా అయిపోతే పిల్లలేమైపోతారు?" "ఏడ్చి ఏడ్చి ఆరోగ్యం పాడు చేసుకోకు." "ఆయన అదృష్టవంతుడమ్మా, మంచాన పడకుండా వెళ్ళిపోయాడు." "కాలమే అన్నీ మాన్పుతుంది." తిరిగి లిఫ్టులో దిగుతున్నప్పుడు మాలోనే ఒకరు గొంతు తగ్గించి, "ఏమిటో, పెద్దగా ఏడవట్లేదు, చూశారా?" అన్నారు.

పైన ఏడవద్దని చెప్పిందీ, కింద ఏడవట్లేదని చెప్పిందీ ఒకే మనిషి.

లిఫ్టులో నేనేమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, తలస్నానం చేసి, పొయ్యి మీద పప్పు పెట్టాక అప్పుడు వచ్చింది కోపం. ఆవిడ మీద కాదు, నా మీద. ఎందుకంటే ఆ మాటలన్నీ నేనూ అన్నదాన్నే. నాలుగేళ్ళ క్రితం మా వదినని అన్నాను. మొదటి నెలలో "ఏడవకు" అన్నాను. ఆరో నెలలో "అప్పుడేనా?" అన్నాను. ఇది రాస్తున్నది అందుకే. చదివి మీకు కోపం వస్తే రానివ్వండి, నాకు వచ్చాకే నా కళ్ళు తెరుచుకున్నాయి.

మా అన్నయ్య రాజమండ్రిలో ఉండేవాడు. నలభై ఆరేళ్ళకి గుండెపోటుతో పోయాడు. పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చి, పేపరు చదువుతూ కుర్చీలోనే వాలిపోయాడు. అప్పటికి వదినకి నలభై. అబ్బాయి ఇంటరు, అమ్మాయి ఎనిమిదో తరగతి.

వదిన డిగ్రీ రెండో ఏడులో ఉండగా పెళ్ళయింది. చదువు అక్కడే ఆగింది. పిల్లలు కాస్త చేతికందాక మళ్ళీ చదువుతానంది. దూరవిద్యలో బి.ఏ.కి అన్నయ్యే ఫీజు కట్టాడు. పుస్తకాలు రాగానే బ్రౌన్ పేపరు అట్టలు వేసి, పైన లేబుల్ అంటించి, పిల్లల పుస్తకాల మీద రాసినట్టే ఆవిడ పేరు రాసి పెట్టాడు. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ చదువుకుంటుంటే గిన్నెలు తను తోమేవాడు. మా అమ్మ చూసి మొహం చిట్లించేది. మేం మాత్రం ముచ్చటపడేవాళ్ళం. "మా అన్నయ్య చూడు, వదినని చదివిస్తున్నాడు" అని నేను ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో.

అన్నయ్య పోయిన ఆరో నెలలో వదిన ఆ పుస్తకాలు మళ్ళీ తీసింది. రెండు నెలల్లో పరీక్షలున్నాయి. ఇక మొదలైంది. "ఏడాదైనా తిరగలేదు, అప్పుడే పుస్తకాలా?" అంది పెద్దమ్మ. "ఎవరిని ఉద్ధరించడానికి? ఇక పిల్లల కోసం బతకాలి గానీ" అంది మేనత్త. నేను హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చాలా మెత్తగా, చాలా ప్రేమగా, "వదినా, సంవత్సరీకం అయ్యేదాకా ఆగకూడదూ? నలుగురూ ఏమనుకుంటారో" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ అన్నయ్య ఉన్నప్పుడు చదివితే ముచ్చటన్నారు. ఇప్పుడు చదివితే మర్చిపోయానంటున్నారు. పుస్తకం అదే కదమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మనం చేస్తున్న పని ఏమిటో ఒక్కసారి ఉన్నదున్నట్టు చూద్దాం. మనిషి పోయిన ఇంట్లోవాళ్ళ దుఃఖానికి మనం టైంటేబుల్ వేస్తున్నాం. మొదటి మూడు రోజులూ బాగా ఏడవాలి, ఏడవకపోతే రాయి. నెల దాటాక ఏడవకూడదు, ఏడిస్తే బలహీనురాలు, పిల్లల గురించి ఆలోచించనిది. నెల దాటాక ఏడవకూడదు గానీ ఏడాది దాకా నవ్వకూడదు, మంచి చీర కట్టకూడదు, సినిమా చూడకూడదు, చదువో ఉద్యోగమో తన కోసం ఏదీ మొదలుపెట్టకూడదు. పెడితే ప్రేమ లేనట్టే. అంటే ఏడవకుండా, నవ్వకుండా, ఏమీ కోరకుండా, ఒక మూల కూర్చుని ఊపిరి పీలుస్తూ ఉండాలి. దీనికి మనం పెట్టుకున్న పేరు "హుందాతనం".

ఇది ప్రేమను కొలిచే పద్ధతి కాదు. ఒక మనిషి ఎంత పాడైపోతే అంత ప్రేమించినట్టు అని లెక్క వేయడం అన్యాయం. పైగా తప్పు లెక్క.

ఆ ఫోన్ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. దుఃఖం గురించి మనసు శాస్త్రవేత్తలు ఏమన్నారో దొరికినవల్లా చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు, పనులయ్యాక. చదివినకొద్దీ మనం సలహాలుగా పంచే మాటలు ఎంత పాతబడిపోయినవో అర్థమైంది.

"మర్చిపో, ముందుకి సాగు" అనే మాటకి మూలపురుషుడిలా అందరూ ఫ్రాయిడ్‌ని చూపిస్తారు. 1917లో వచ్చిన ఒక వ్యాసంలో ఆయన, పోయిన మనిషి నుంచి మనసు తన బంధాన్ని కొద్దికొద్దిగా విప్పుకోవడమే దుఃఖం చేసే పని అన్నట్టు రాశాడు. ఆ పని పూర్తయితే మనసు మళ్ళీ ఖాళీగా, స్వేచ్ఛగా ఉంటుందట. సరే. కానీ 1920లో ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. మూడేళ్ళకి ఆమె చిన్న కొడుకూ పోయాడు. 1929లో, కొడుకుని పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఆయన ఉత్తరం రాశాడు. ఆ ఖాళీ ఎన్నటికీ పూడదని, దేనితో నింపినా అది వేరేగానే ఉంటుందని, అలా ఉండటమే సరైనదని, మనం వదులుకోవడానికి ఇష్టపడని ప్రేమ నిలిచేది అలాగేనని ఆ ఉత్తరం సారాంశం. శాస్త్రవేత్తగా రాసినదానికీ, తండ్రిగా రాసినదానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. మనం మాత్రం మొదటిది పట్టుకుని రెండోది వదిలేశాం.

ఇక ఆ "ఐదు మెట్లు". యూట్యూబ్ నిండా ఉంటాయి. నమ్మలేకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. వరసగా ఒక్కొక్క మెట్టూ ఎక్కి చివరికి శాంతిగా కూర్చోవాలన్నట్టు చెబుతారు. 1969లో ఈ మాట చెప్పిన కూబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ మాట్లాడింది ఎవరితోనో తెలుసా? మరణానికి దగ్గరైన రోగులతో. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో కాదు. చావు ముంగిట ఉన్నవాళ్ళ మనసు గురించి రాసినదాన్ని తర్వాత బతికున్నవాళ్ళకి అంటగట్టారు. ఆ మెట్లు అందరూ వరసగా ఎక్కాల్సినవి కావని ఆవిడ కూడా తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. మా వదినకి ఒక రోజులోనే ఈ ఐదూ వచ్చేవి. పొద్దున్న పాలవాడి గొంతు వింటే ఒకటి, మధ్యాహ్నం బ్యాంకులో సంతకం పెట్టమంటే ఇంకొకటి.

నాకు బాగా నచ్చింది నెదర్లాండ్స్‌కి చెందిన ఇద్దరు, మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్, 1999లో చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య ఊగుతూ ఉంటాడట. ఒకటి, పోయినవాళ్ళ కోసం ఏడవడం, ఫొటోలు చూసుకోవడం, తలుచుకోవడం. రెండోది, బతుకుని మళ్ళీ సర్దుకోవడం: కరెంటు బిల్లు కట్టడం నేర్చుకోవడం, కొత్త పని పట్టడం, చదవడం, నవ్వడం. ఒక పూట ఇటు, ఒక పూట అటు. ఇటు ఉన్నప్పుడు అటువైపు అబద్ధం కాదు, అటు ఉన్నప్పుడు ఇటు అబద్ధం కాదు. ఆ ఊగడమే మనిషిని నిలబెడుతుంది. ఏదో ఒకవైపే కట్టేసి ఉంచితేనే ప్రమాదం.

ఇది చదివినప్పుడు మా వదిన కళ్ళ ముందు కనిపించింది. తొమ్మిది గంటలకి చరిత్ర పుస్తకం చదివేది. తొమ్మిదిన్నరకి ఆ అట్ట మీద అన్నయ్య చేతిరాత చూసి ఏడ్చేది. పదికి మొహం కడుక్కుని మళ్ళీ చదివేది. మేం ఏం చేశామంటే, చదివినప్పుడు ఏడవట్లేదన్నాం, ఏడ్చినప్పుడు చదువెందుకన్నాం. ఊయల ఊగుతుంటే రెండువైపుల నుంచీ తోశాం, పడిపోయేలా.

లక్ష్యాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనిషి పోయినప్పుడు మనిషి ఒక్కరే పోరు. వాళ్ళతో కలిసి అనుకున్నవన్నీ పోతాయి. అన్నయ్యా వదినా మేడ మీద రెండు గదులు వేద్దామనుకున్నారు. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక కాశీ వెళ్ళి తొమ్మిది రోజులుండి రావాలనుకున్నారు. అన్నయ్య రిటైరయ్యాక పెరట్లో ఆవుని పెంచుతానని వదినని భయపెట్టేవాడు. ఇవన్నీ ఒక్క పొద్దుటితో పోయాయి. వీటికి ఎవరూ పలకరింపుకి రారు. దినం పెట్టరు. వాటిలో కొన్ని ఇక జరగవని ఒప్పుకోవడం, జరగగలిగినదాన్ని పట్టుకోవడం, ఈ రెండూ చేయగలిగినవాళ్ళే మెల్లగా లేస్తారు. వదిన ఆవుని వదిలేసింది, మేడని వదిలేసింది. బి.ఏ.ని వదల్లేదు. అది ఆవిడ చేతిలో ఉన్నది. అంతేకాదు, అది అన్నయ్య చెయ్యి కూడా పడ్డది. మేం మరుపు అనుకున్నది నిజానికి ఆ ఇంట్లో మిగిలిన చివరి జంట పని.

"పిల్లల కోసం బతకాలి" అనే మాటని నేను ప్రత్యేకంగా నిందించదలుచుకున్నాను, అది వినడానికి అంత బాగుంటుంది కాబట్టి. పిల్లల కోసం బతకని తల్లి ఎవరు? చెప్పాలా? ఆ మాటలో దాగి ఉన్నది "పిల్లల కోసమే బతకాలి" అని. ఆ "ఏ" అక్షరం బరువు పిల్లల నెత్తిన పడుతుంది. మా మేనకోడలు ఒకసారి నాతో అంది: "అత్తా, అమ్మ నా కోసమే బతుకుతోందని అందరూ చెప్తుంటే నాకు భయమేస్తుంది. నాకు మార్కులు తగ్గితే అమ్మ ఏమవుతుంది?" పదమూడేళ్ళ పిల్ల. తల్లి తన కోసం ఏదో ఒకటి చేసుకుంటుంటే పిల్లలకి ఊపిరాడుతుంది. ఇది ఏ పుస్తకంలో చదివిందీ కాదు, ఆ పిల్ల నోటి నుంచి విన్నది.

ఇక్కడ మీలో కొందరు, "మన ఆచారాలు పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు" అంటారు. నేనూ అదే అంటున్నాను. ఊరికే పెట్టలేదు. కానీ అన్నీ ఒకే బుద్ధితో పెట్టలేదు. రెండు రకాలున్నాయి, విడదీసి చూడండి.

మాసికం ఉంది. మనిషి పోయిన తిథి ప్రతి నెలా వస్తుందని, ఆ రోజు ఇంట్లోవాళ్ళ మనసు మళ్ళీ కదులుతుందని తెలిసినవాళ్ళే అది పెట్టి ఉంటారు. సంవత్సరీకం ఉంది. ఆ తర్వాత ఏటా తద్దినం ఉంది, మహాలయ పక్షాలున్నాయి. అంటే పదకొండో రోజుతో దుఃఖం అయిపోదని, పోయినవాళ్ళతో సంబంధం బతికున్నన్నాళ్ళూ ఉంటుందని మన పద్ధతిలోనే ఉంది. 1996లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు, బంధం తెగిపోనక్కర్లేదు, రూపు మార్చుకుని కొనసాగుతుంది అని ఒక పుస్తకమే తెచ్చారు. అక్కడ అది కొత్త మాట. తద్దినం నాడు నాన్నకి ఇష్టమని గారెలు వండి, ఆయన కబుర్లు చెప్పుకునే మనకి అది పాత మాటే. దీన్ని ఉంచుకుందాం. నేను తీసేయమనట్లేదు.

రెండో రకం పదో రోజుది. మా ఇంట్లోనూ జరిగింది. నేను అక్కడే ఉన్నాను. వదినకి పసుపు రాసి, నిండా గాజులు తొడిగి, పెద్ద బొట్టు పెట్టి, పూలు పెట్టి, ఆ తర్వాత అన్నీ తీసేశారు. గాజులు పగలగొడుతున్నప్పుడు తలుపు దగ్గర మా మేనకోడలు నిలబడి చూస్తోంది. దాన్ని లోపలికి తీసుకెళ్ళాలని కూడా ఎవరికీ తోచలేదు, నాకు కూడా. దాని వల్ల అన్నయ్యకి ఏ పుణ్యం వచ్చింది? ఏ పితృదేవత తృప్తి పడ్డాడు? పోయినవాణ్ణి తలుచుకునే ఆచారం వేరు, మిగిలినదాన్ని శిక్షించే ఆచారం వేరు. మొదటిది ప్రేమ. రెండోది ప్రేమ పేరుతో చేసే దండన.

ఇది జరిగింది ఏ ఊళ్ళోనో గమనించారా? రాజమండ్రిలో. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించిన ఊళ్ళో. వితంతు వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. ఆ చట్టం వచ్చి నూట అరవై ఏళ్ళు దాటాక, ఆయన ఇల్లు స్మారకంగా నిలబడి ఉన్న ఊళ్ళో, నలభై ఏళ్ళ ఆడమనిషి పెళ్ళి కాదు, బి.ఏ. పరీక్ష రాస్తానంటే "అప్పుడేనా?" అన్నాం. విగ్రహానికి దండలు వేస్తాం. మాట మాత్రం వినం.

మారడం సాధ్యం కాదనకండి. మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరుంది. 2022 మే నెలలో ఆ ఊరి గ్రామసభ, భర్త పోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, తాళి తీసేయడం ఇక మా ఊళ్ళో వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగతా గ్రామ పంచాయతీలనీ ఆ బాట పట్టమని కోరింది. గ్రామసభలో కూర్చుని రైతులూ కూలీలూ అనుకోగలిగిన మాట, ఏసీ వేసుకుని ఫ్లాట్లలో ఉన్న మనం అనుకోలేమా?

మగవాళ్ళ సంగతి చూడండి. మా వీధిలోనే భార్య పోయిన ఆయనకి ఏడాది తిరక్కుండా సంబంధాలు తెచ్చారు. "వంటకి ఇబ్బంది, పిల్లల్ని ఎవరు చూస్తారు" అన్నారు. ఆయన ఇంకా ఆవిడ చీరలున్న బీరువా తెరవలేకపోతున్నాడు. ఏడిస్తే "మగాడివి, నువ్వేమిటి?" అన్నారు. ఆడదానికి ముందుకెళ్ళే హక్కు లేదు, మగవాడికి ఆగే హక్కు లేదు. రెండు చోట్లా అడగనిది ఒక్కటే, "మీకేం కావాలి?" అని.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. నేను వదినని "అప్పుడేనా?" అని ఎందుకన్నాను? నలుగురి కోసం కాదు. ఆ నలుగురిలో ముగ్గురి పేర్లు కూడా నాకు సరిగా తెలీదు. అన్నయ్య పోయాక నన్ను అందరూ అడిగింది రెండే ప్రశ్నలు. "అమ్మ ఎలా ఉంది?" "వదిన ఎలా ఉంది?" నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. పెళ్ళై వెళ్ళిపోయిన చెల్లెలికి పదకొండు రోజులయ్యాక దుఃఖం ఉండటానికి వీల్లేదు. పన్నెండో రోజు సాయంత్రం బస్సెక్కి, మర్నాడు పిల్లల లంచ్ బాక్సులు కట్టాను. నన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్ళినవాడు పోతే, నాకు ఒక వారం మామూలుగా ఏడ్చే చోటు కూడా దొరకలేదు. ఇలా ఎవరూ గుర్తించని, ఏడ్చే హక్కు ఇవ్వని దుఃఖం గురించి 1989లో కెన్నెత్ డోకా అనే ఆయన ఒక పుస్తకం తెచ్చాడని తర్వాత తెలిసింది. కడుపులోనే పోయిన బిడ్డ, విడాకులైన భర్త, స్నేహితురాలు, తోబుట్టువు, ఇలా చాలా ఉన్నాయి ఆ జాబితాలో.

నాకు కావలసింది తోడు. వదిన ఏడుస్తున్నంత కాలం అన్నయ్య దుఃఖంలో నాకొక తోడుందనిపించింది. ఆవిడ పుస్తకం తీసేసరికి నేను ఒక్కదాన్నే మిగిలిపోయానని భయమేసింది. ఆ భయానికి "సంవత్సరీకం" అనే గౌరవమైన పేరు పెట్టాను. "వదినా, నాకు అన్నయ్య గుర్తొస్తున్నాడు" అనాల్సింది. "అప్పుడేనా?" అన్నాను. మనలో చాలామంది చేస్తున్నది ఇదేనేమో. ఎదుటి మనిషి దుఃఖానికి కాపలా కాసేవాళ్ళలో సగం మంది తమ దుఃఖం ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళే.

"మరి నిజంగా కోలుకోలేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళనీ వదిలేయాలా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. కొందరికి దుఃఖం ఎంతకీ లొంగదు. నెలలు గడిచినా రోజంతా అదే ధ్యాస, ఏ పనీ చేయలేరు, బతుకంటే అర్థం లేదనిపిస్తుంది. దీన్ని డాక్టర్లు ఇప్పుడు జబ్బుల పట్టికలో చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే పట్టిక ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికా వైద్యుల పుస్తకంలో 2022లో చేర్చినప్పుడు పెద్దవాళ్ళకి ఏడాది దాటాలన్నారు. అదీ వాళ్ళ సమాజంలో, వాళ్ళ సంప్రదాయంలో మామూలనుకునే దానికంటే మించితేనే. డాక్టర్లే కనీసం ఆరు నెలలు ఆగి చూస్తామంటుంటే మనం నెలకే తీర్పు చెబుతున్నాం. ఎవరైనా చావు మాటలు మాట్లాడుతుంటే మాత్రం ఏ గడువూ చూడకండి. వెంటనే మానసిక వైద్యుల దగ్గరకి తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అది సాయం. "ధైర్యంగా ఉండు" అనడం సాయం కాదు, మన బాధ్యత దులుపుకోవడం.

ఇంకొక వాదన: "మేం ప్రేమతోనే చెబుతాం కదా." నిజమే. నేనూ ప్రేమతోనే అన్నాను. ప్రేమతో అన్న మాట తగలదని ఎవరన్నారు? అదే ఎక్కువ తగులుతుంది. పరాయివాళ్ళంటే దులిపేసుకోవచ్చు, మనవాళ్ళంటే రాత్రి నిద్రపట్టదు.

అయితే ఏం చేయాలి? ఉపన్యాసం చెప్పి వదిలేయను, నాకు ఆలస్యంగా తెలిసినవి చెబుతాను.

మొదటి వారం అందరూ వస్తారు. మీరు రెండో నెలలో వెళ్ళండి. అప్పుడే ఇల్లు ఖాళీగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఒక కూరో, పప్పో క్యారియర్‌లో పట్టుకెళ్ళండి. పోయినవాళ్ళ పేరు ఎత్తండి. మనం ఎత్తితే బాధ గుర్తొస్తుందని భయపడతాం. గుర్తు రావడానికి వాళ్ళు ఎప్పుడు మర్చిపోయారు గనక? మరణ ధ్రువపత్రం కాపీలు, బ్యాంకు నామినీ కాగితాలు, బీమా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు, వీటిలో ఒక్క దానికైనా తోడు వెళ్ళండి. డబ్బు విషయం ఆవిడ అడిగితే "అప్పుడే డబ్బు మీద ధ్యాసా?" అనకండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకీ పిల్లలకీ తల్లికీ సమాన వాటా ఉంటుంది. అది తెలుసుకోవడం ఆశ కాదు, రేపటి బియ్యం. ఆవిడ ఏదైనా మొదలుపెడతానంటే, కుట్టుమిషనైనా, డ్రైవింగైనా, డిగ్రీ అయినా, "ఎప్పుడు? నేనేం చేయగలను?" అనండి. ఏమీ మొదలుపెట్టనంటే దానికీ సరేననండి. ఎందుకంటే "లే, ఏదో ఒకటి సాధించు" అని తరమడం కూడా గడువు పెట్టడమే. ఆ రోగం ఇప్పుడు కొత్తగా వచ్చింది.

వదిన పరీక్షలు రాసింది. నాలుగు పేపర్లలో మూడు పాసయింది, ఇంగ్లీషు పోయింది. "మేం చెప్పామా?" అన్నారు చుట్టాలు. నేను ఆ సారి అనలేదు. సప్లిమెంటరీకి ఫీజు పంపాను. ఆవిడ తిరిగి పంపించేసింది. "మీ అన్నయ్య కట్టిన డబ్బులో మిగిలింది ఉంది" అంది. కోపమేమోనని వారం రోజులు బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, అది కోపం కాదు, ఆ ఒక్కటి అన్నయ్య చేతిమీదుగానే జరగాలని ఆవిడ కోరిక. డిగ్రీ పూర్తయింది. పెద్ద ఉద్యోగమేమీ రాలేదు. ఇంట్లోనే పది మంది పిల్లలకి సోషల్ ట్యూషన్ చెబుతోంది. తద్దినానికి వెళ్తే ఇప్పటికీ ఏడుస్తుంది. ట్యూషన్ పిల్లల మీద జోకులు వేసి నవ్విస్తుంది కూడా. రెండూ ఒక్క రోజే.

నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడ దగ్గరకి మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే. క్యారియర్‌లో గుత్తివంకాయ పట్టుకెళ్ళాను. "మీ వారికి ఏ కూరంటే ఇష్టం?" అని అడిగాను. గంటసేపు మాట్లాడింది. పెళ్ళైన కొత్తలో ఆయన కాకరకాయ వేపుడు మాడ్చేసి, అది అలాగే ఉండాలని వాదించిన సంగతి చెబుతూ గట్టిగా నవ్వింది. నవ్వి, ఉలిక్కిపడి, తలుపు వైపు చూసింది.

భర్త పోయిన మనిషి తన భర్త మాట చెప్పుకుని నవ్వడానికి తలుపు వేసి ఉందో లేదో చూసుకోవాల్సిన గతి పట్టించింది మనమే. రేపు లిఫ్టులో ఎవరైనా "ఏడవట్లేదు, చూశారా" అంటే ఇక ఊరుకోను. "ఆవిడ ఇష్టం" అంటాను. మీరూ అనండి.